ఆళ్లగడ్డలో సున్నా ఇండ్లు

షాంపూ నురగ కళ్లలోకి దిగబోతుండగా కుళాయి ఆగిపోయింది.

"పెద్దమ్మా! నీళ్లేమైనాయి?" షాలిని స్నానాలగదిలోంచి అరిచింది.

"నేనే వాల్వు కట్టేసినా. ఇంట్లో లీకంట!" పెద్దమ్మ మెట్ల కిందినుంచి జవాబిచ్చింది. ఊరిని వరదనుంచి కాపాడినంత గర్వం ఆ గొంతులో.

"ఎవురు చెప్పినారు లీకని?"

"కరుణానే. ఫోన్లో అరుస్తాండాడు విను. లీకు పోయింది, లీకు పోయింది అని. సుబ్బయ్యకు గూడా కబురు పెట్టినా."

పెద్దమ్మ అంటే షాలిని భర్త కరుణాకర్‌కు తల్లి అక్క. డెబ్భై ఆరేళ్లు. రెండు చెవుల్లో ఒకటి పని చేయదు, రెండోది ఇష్టమైనప్పుడే పని చేస్తుంది. ఈ పొద్దు దానికి ఇష్టమైంది.

నురగ మీదే తువ్వాలు చుట్టుకుని షాలిని వరండాలోకి వచ్చేసరికి అక్కడ కరుణాకర్ ఫోన్ పట్టుకుని స్తంభం చుట్టూ తిరుగుతున్నాడు. ప్లంబరు సుబ్బయ్య పైపు రెంచీ చంకలో పెట్టుకుని ఆయన వెనకే తిరుగుతున్నాడు. ఆరున్నరకే ఇంటిముందు ఊరేగింపు మొదలైనట్టుంది.

"సారూ, లీకు గోడలోనా, భూమిలోనా? అది చెప్తే పగలగొడతా."

"లీకు కాదప్పా, లీగు! కాలేజీల కబడ్డీ లీగు! ఎనిమిదో చోటు మనకు ఇయ్యరంట!"

సుబ్బయ్య గోడను ఒకసారి తట్టి చూశాడు. "అది నా చేతిలో లేదు సార్," అని రెంచీ తీసుకుని వెళ్లిపోయాడు. ఈ వ్యవహారంలో ఇప్పటివరకూ నిజం మాట్లాడిన మొదటి మనిషి అతనే.

"లీగో లీకో, కారిపోయింది గదా," అంటూ పెద్దమ్మ వాల్వు తిప్పడానికి పోయింది.

ఊళ్లో అందరూ కరుణాకర్‌ను పీడీ సార్ అంటారు. ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ మరి. ఇంట్లో షాలిని అందులో 'సార్'ను కోసేసి, చివరి దీర్ఘం మార్చి 'పీడా' అని పిలవడం ఇరవై రెండేళ్లుగా అలవాటు. ఆమె బళ్లో లెక్కలు చెబుతుంది. మనుషులను కూడా ఒక్క చూపులో తీసివేత చేయగలదు. ఫోన్లో అయితే చెప్పనక్కర్లేదు. లోన్లు ఇస్తామనేవాళ్లు, స్థలాలు అమ్మేవాళ్లు, సిమ్ములు మార్చమనేవాళ్లు ఆమెకు ఒకసారి ఫోన్ చేస్తే రెండోసారి చేయరు.

"కారణం ఏం చెప్పినారు?"

"మార్కెట్ లేదంట."

"ఏం మార్కెట్? నీ పిల్లోళ్లు కబడ్డీ ఆడతారా, కాకరకాయలు అమ్ముతారా?"

"టీవీ మార్కెట్. ఆటలన్నీ సోమశేఖరన్న కేబుల్లో వేస్తాడు గదా. చూసేవాళ్లుండే ఊరికే చోటంట. మన ఊర్లో రెండొందల ఇండ్లకు ఫోన్ చేసినారంట. ఒక్క ఇంట్లో గూడా చూడరంట."

"ఒక్క ఇంట్లో గూడానా?"

"సున్నా అంట."

లెక్కల టీచరుకు ఆ సున్నా నచ్చలేదు. రెండు వందల మందిని ఏం అడిగినా ఒక్కడైనా తప్పు జవాబు చెబుతాడు. అందరూ ఒకే జవాబు రాశారంటే ఎక్కడో కాపీ జరిగినట్టు.

మెట్టు మీద రమ్య ఒక బూటు వేసుకుని, రెండోదాని లేసు చేతిలో పట్టుకుని కూర్చుని వుంది. బీకాం ఆఖరి సంవత్సరం. జట్టుకు కెప్టెన్. ఆరింటికి గ్రౌండుకు బయల్దేరబోతూ ఫోన్ మోగితే ఆగిపోయింది.

"చోటు ఎవురికిచ్చినారు నాయనా?" అంది.

కరుణాకర్ స్తంభం వైపు చూస్తూ చెప్పాడు. "పాణ్యానికి."

"పాణ్యమా? పోయిన నెల మనం వాళ్లను నలభై రెండు, తొమ్మిదితో కొట్టినాం."

"తెలుసు."

"వాళ్ల రెయిడరు కూతకొచ్చి, బయటినుంచి వాళ్లమ్మ పిలిస్తే 'ఆఁ, వస్తాండా' అనింది. నాయనా, కూత మధ్యలో అమ్మకు జవాబు చెప్పిన జట్టు అది!"

"ఆ అమ్మ ఇంట్లో సెట్‌టాప్ బాక్సు వుంది," అన్నాడు కరుణాకర్.

రమ్య లేసు వదిలేసింది.

నంద్యాలలో ఆరు కాలేజీలు కలిసి పెట్టుకున్న లీగ్ అది. ఈ ఏడు ఎనిమిదికి పెంచుతామన్నారు. ఏడో చోటు బేతంచర్లకు పోయింది. మిగిలిన ఒక్క చోటు కోసం రమ్య, మరో పదకొండు మంది పిల్లలు ఏడు నెలలుగా తెల్లారకముందే మట్టిలో దొర్లుతున్నారు. యూనివర్సిటీ జట్టుకు ఈసారి లీగ్‌లో ఆడినవాళ్ల నుంచే ఎంపిక అని కాగితం వచ్చింది. లీగ్‌లో లేని కాలేజీ పిల్లల్ని ఎవరూ పిలవరు, చూడరు. రమ్యకు వచ్చే ఏడు అనేది లేదు.

"ఏ ఇండ్లకు చేసినారు ఫోన్లు?" షాలిని అడిగింది.

"మనమిచ్చిన లిస్టు ప్రకారమే."

"మనమంటే ఎవురు?"

"కాలేజీ."

"కాలేజీకి చేతులుండవప్పా. ఎవురు రాసిచ్చినారు?"

కరుణాకర్ ఫోన్‌ను చొక్కాకు తుడిచాడు. అద్దం మీద మచ్చ లేదు. అయినా రెండోసారి కూడా తుడిచాడు.

"నీకు బడికి టైమయింది," అన్నాడు.

టైమయింది, నిజమే. ఒంటిపూట బడులు. ఏడుంపావుకు ప్రార్థన గంట. షాలిని తల తుడుచుకుంటూ లోపలికి పోతూ గుమ్మంలో ఆగింది.

"ఒకటిన్నర బస్సుకు నంద్యాలకు పోదాం. నువ్వూ నేనూ పిల్లా."

"నాలుగింటికి నీకు చర్చిలో స్త్రీల మైత్రి ప్రార్థన వుంది గదా? లెంట్ ఇరవై మూడో దినం. నువ్వే గదా వాక్యం చెప్పాల్సింది?"

"వేరేవాళ్లు చెప్తారు. నంద్యాలలో నాకు అంతకంటే పెద్ద వాక్యాలు చెప్పే పని పడింది."

*

బస్సు శిరివెళ్ల దాటేదాకా కరుణాకర్ కిటికీతో మాట్లాడుతూనే వున్నాడు. సోమశేఖర్‌ను ఏమనాలో సాధన చేస్తున్నాడు.

"ఏమన్నా సోమశేఖరన్నా, నీకు కబడ్డీ తెలుసునా అంటా. గీత తెలుసునా, బోనస్ గీత తెలుసునా అంటా. అప్పుడేం చెప్తాడు?"

"కూర్చోమంటాడు. నువ్వు కూర్చుంటావు," అంది షాలిని.

"కూర్చోను."

"పోయినసారి గూడా ఇట్లనే అనిపోయి, రెండు కాఫీలు తాగొచ్చినావు."

వెనక సీటులోంచి రమ్య వంగి తండ్రి భుజం తట్టింది. "నాయనా, ఆడ అరవొద్దు. దమ్మంతా ముందే అయిపోతే మధ్య గీత గూడా ముట్టలేవు."

కూత పెట్టే కూతురు చెప్పిన మాట కాబట్టి కరుణాకర్ నోరు మూశాడు. షాలిని వెనక్కి తిరిగి చూసింది. రమ్య మోకాలి మీద పాత గాయం మచ్చ, దాని పక్కనే కొత్తది. ఆ మచ్చలన్నీ ఎక్కడెక్కడ తగిలాయో తల్లికి తెలియదు. ఒక్క ఆటకూ పోలేదు మరి. ఆటలంటే ఆమెకు కరుణాకర్. కరుణాకర్ అంటే విజిల్, టోపీ, మాట మీద నిలబడకపోవడం. అందుకని పోలేదు.

ఆ సంగతి రమ్య ఎప్పుడూ అనలేదు. వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

*

నంద్యాల గాంధీ చౌక్ దగ్గర కింద ప్లాస్టిక్ బకెట్ల హోల్‌సేల్ కొట్టు, పైన కేబుల్ ఆఫీసు. రెండింటి యజమానీ సోమశేఖరే. కింద పట్టుకుంటే సొట్టపోయే సరుకు, పైన చూస్తే బుర్ర సొట్టపోయే సరుకు. మెట్ల మీద బకెట్ల వాసన పైదాకా వస్తుంది.

సోమశేఖర్ లీగ్‌కు అధ్యక్షుడు. జన్మలో ఎవరి చెయ్యీ పట్టి లాగలేదు, ఎవరి కాలూ పట్టి పడేయలేదు. కనీసం మైదానంలో అయితే లేదు. అయినా మూడు జిల్లాల కబడ్డీ ఆయన టేబులు మీదే నడుస్తుంది. కారణం, నలభై వేల ఇళ్లలోకి ఆయన తీగ పోతుంది. మనిషికి బలం వుంటే బాహుబలం అంటారు. ఆయనది కేబుల్‌బలం.

"రండి పీడీ సారూ, కూర్చోండి," అన్నాడు.

కరుణాకర్ కూర్చున్నాడు. షాలిని భర్త వైపు చూడనైనా చూడలేదు. అంత చిన్న విజయం ఆమెకు అక్కర్లేదు.

"మా జయంత్ అంతా వివరంగా చెప్తాడు. ఇప్పుడంతా డేటానే గదా. నా మాదిరి పాతోళ్లం నోటి లెక్కలు చేస్తాం."

జయంత్ బెంగళూరులో ఆరునెలల కోర్సు చేసి, ఆరేళ్ల పొగరు తెచ్చుకున్న కొడుకు. గోడమీది పెద్ద తెర ముందు నిలబడి చేతిలో మీట నొక్కాడు. తెరమీద ఆడపిల్ల బొమ్మ వచ్చింది. కబడ్డీ ఆడే పిల్ల కాదు. ఏదో షాంపూ పిల్ల.

"అంకుల్, లీగ్ అంటే ఆట కాదు. లీగ్ అంటే చూపు," అన్నాడు.

"చూపు ఎవురిదప్పా?" షాలిని అడిగింది.

"వీక్షకులది ఆంటీ."

"ఆడేవాళ్లది కాదా?"

"వాళ్లు కంటెంట్."

రమ్య తన చేతుల వైపు చూసుకుంది. అరచేతుల్లో కాయలు. కంటెంట్‌కు కాయలు కాస్తాయని ఆ పిల్లకు ఇన్నాళ్లూ తెలియదు.

మీట మళ్లీ నొక్కాడు. పాణ్యం. పదకొండు వందల బాక్సులు. హైవే మీద ఊరు. పదిమంది కొత్త దుకాణదారులు ప్రకటనలిస్తామన్నారు. జట్టు అనే గడి దగ్గర చిన్న గీత గీసి వుంది.

"జట్టు దగ్గర ఏందీ గీత?" కరుణాకర్ అడిగాడు.

"ఇంకా తయారవుతోంది అంకుల్. ట్రాక్‌సూట్లు కుట్టిస్తున్నారు."

"ట్రాక్‌సూట్లు కుడితే జట్టు అయితాదా?"

"మొదట కనబడాలి గదా సారూ," అన్నాడు సోమశేఖర్ ప్రేమగా. "ఆడేది నేర్చుకుంటారు నిదానంగా. మేం మార్కులు చూసేవాళ్లం కాదు, మార్కెట్ చూసేవాళ్లం."

ఈ ముక్క ఆయన ఇప్పటికి నాలుగు కాలేజీలకు చెప్పివుంటాడు. తన మాటకు తనే నవ్వుకునే చోటు కూడా అలవాటైపోయింది. ప్రసారం నిండా వుంది, సారం మాత్రం ఎక్కడా లేదు.

మీట. ఆళ్లగడ్డ. తెరమీద మధ్యలో ఒక పెద్ద సున్నా. ఎర్రది. బకెట్ అడుగంత.

"రెండు వందల ఇండ్లు. సాయంత్రం ఏడింటికి టీవీలో ఆటలు చూస్తారా అని అడిగించాం. చూస్తామన్నవాళ్లు లేరు. 'టీవీనే పెట్టం' అన్నవాళ్లు నూట తొంభై నాలుగు. ఒకరు ఇంకేదో అన్నారు, మిగతావాళ్లు ఎత్తలేదు," అన్నాడు జయంత్. "అంకుల్, ఏమనుకోవద్దు. మీది ఊరా, మఠమా?"

సోమశేఖర్ బొజ్జ కదిలేలా నవ్వాడు. కరుణాకర్ లేచాడు.

"ఊరిని అంటావా నువ్వు? మా ఊర్లో టీవీల్యాకనా? ప్రతి ఇంట్లో వుండాది! నీ ఫోనే తప్పు! నీ మీట తప్పు!"

"లిస్టు మీదే అంకుల్. సంతకం కూడా మీదే."

"దమ్ము నాయనా," రమ్య మెల్లగా అంది. ఆయన మళ్లీ కూర్చున్నాడు.

"ఇంకోటి వుంది ఆంటీ, సరదాగా," అంటూ జయంత్ మీట నొక్కాడు. "ప్రజల మాట అని పెట్టాం. మా వాణి ఫోన్లు చేసేటప్పుడు రాసుకున్న వాటిలో ఇది బెస్ట్. నాలుగో నంబరు ఇల్లు."

తెరమీద పెద్ద అక్షరాలు.

'మా ఇంట్లో ఆటలు చూసే పనికిమాలినోళ్లు ఎవురూ లేరు. మళ్లా ఫోన్ చేస్తే మీ నాయన నంబరు అడుగుతా.'

సోమశేఖర్ మళ్లీ నవ్వాడు. మూలన కంప్యూటరు ముందున్న అమ్మాయి, ఆ వాణే కాబోలు, తల వంచుకుంది. కరుణాకర్ కూడా కొంచెం నవ్వబోయి ఆపుకున్నాడు.

షాలిని నవ్వలేదు.

ఆ రెండో వాక్యం ఊళ్లో ఇంకెవ్వరూ అనరు. ఆమె బళ్లో అల్లరి చేసిన పిల్లలతో రోజుకు నాలుగుసార్లు అనే మాట అది. పది రోజుల కిందట, చపాతీ పిండి చేతులతో, ఏదో కంపెనీ పిల్ల అనుకుని, భుజంతో చెవికి ఫోన్ అదిమిపెట్టుకుని అంది. అన్నాక తన మాటకు తనే మెచ్చుకుంది కూడా.

పక్కకు చూసింది. రమ్య తెర చదువుతోంది. రెండోసారి చదువుతోంది.

"ఆ లిస్టు ఒకసారి చూపించప్పా," అంది షాలిని.

జయంత్ కాగితాలు ఇచ్చాడు. ఆరు పేజీల జిరాక్సు. నంబర్లు తప్ప పేర్లు ఇక్కడ ఎవరూ చదివినట్టు లేదు. ఆమె మొదటి పేరు చూసింది. రెవరెండ్ డేనియల్ గారు, పార్సనేజి, అంటే పాస్టరు ఇల్లు. రెండోది కోశాధికారి అజయ్ కుమార్. మూడు, గాయకబృందం డేవిడ్ మాస్టరు. నాలుగు, కరుణాకర్, పీడీ. ఆమె గబగబా పేజీలు తిప్పి నూట పదకొండు దగ్గర ఆగింది. అక్కడ ఒకే కుటుంబం రెండుసార్లు పడింది. జనవరిలో సంఘం కుటుంబాల పుస్తకం టైపు చేసినప్పుడు ఆమె చేసిన తప్పే అది. దిద్దాలనుకుని దిద్దలేదు.

భర్త చెవి దగ్గరకు వంగింది. "ఇది చర్చి పుస్తకం."

"ఊ."

"వాళ్లు ఊరంతా కలిపి రెండొందల ఇండ్లు ఇమ్మన్నారా లేదా?"

"ఇమ్మన్నారు. ఒక్కరోజులో రెండొందల నంబర్లు యాడనుంచి తెచ్చేదిమే? పుస్తకం టేబులు మీద వుంది. జిరాక్సు తీసిచ్చినా. వాళ్ల ఇండ్లల్లో టీవీలుండవా ఏంది?"

"టీవీలుండాయి. ఇప్పుడు ఏ దినాలు?"

కరుణాకర్ నోరు తెరిచాడు. పొద్దున ఇరవై మూడో దినమని ఆమెకు గుర్తు చేసింది తనే. ఆ లెక్క ఇప్పుడు ఆయన ముఖం మీద ఒక్కొక్క అంకెగా పడటం షాలిని చూసింది. మూడు వారాలుగా తను సెల్లులో ఆటలు చూసుకుంటున్నాడు కాబట్టి, ఇంట్లో టీవీ మీద గుడ్డ కప్పి వుందన్న సంగతి ఆయనకు గుర్తు లేదు.

ఫ్యాను తిరుగుతోంది. కింద కొట్టులో ఎవరో బకెట్ల దొంతర పడేశారు, ఒకదాని తర్వాత ఒకటి దొర్లిన చప్పుడు.

నోరు మూసుకుని లేచి పోవచ్చు. భర్త బద్ధకం బయటపడదు, తన నోరు బయటపడదు. పాణ్యం పిల్ల కూత మధ్యలో వాళ్లమ్మకు జవాబు చెబుతూ టీవీలో కనబడుతుంది. ఎవరికీ ఏమీ కాదు, మెట్టుమీద లేసు వదిలేసిన పిల్లకు తప్ప.

"సోమశేఖరన్నా, మీ సున్నా నిజమే," అంది షాలిని లేచి నిలబడి. "మీ అర్థమే తప్పు."

"ఏందమ్మా?"

"ఈ రెండొందల ఇండ్లూ ఊరు కాదు. మా చర్చి సంఘం. మా సారు వీధులు తిరగలేక సంఘం పుస్తకం జిరాక్సు తీసిచ్చినాడు. ఇది మాకు లెంట్. ఈస్టరుకు ముందు నలభై దినాలు ఏదో ఒకటి మానేస్తాం. కొందరు మాంసం మానేస్తారు, కొందరు కాఫీ. ఈ ఏడు సంఘమంతా టీవీ మానేసింది. గుడ్డ కప్పి పెట్టినాం. మీ పిల్ల ఫోన్ చేసింది సరిగ్గా ఆ దినాల్లో, సరిగ్గా ఆ ఇండ్లకు. అందుకే టీవీనే పెట్టం అన్నారు. అబద్ధం చెప్పలేదు."

జయంత్ మీట వైపు చూశాడు. దానిలో ఈ స్లైడు లేదు.

"నలభై దినాలు టీవీ పెట్టరా?" వాణి మూలనుంచి అడిగింది. "సీరియళ్లు గూడానా మేడమ్?"

"సీరియళ్లు గూడా."

"ఎవురు పెట్టినారమ్మా ఇట్లాంటి రూలు?" కేబుల్ యజమాని గొంతులో నిజమైన భయం వినబడింది.

"నేనే. స్త్రీల మైత్రి కార్యదర్శిని."

సోమశేఖర్ పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బేరం మొదలైతే ఆయన కుర్చీ అలాగే జరుగుతుంది.

"అయితే సులువమ్మా. పాణ్యం సంతకం రేపు పదింటికి. ఈ సాయంత్రం వాణి మళ్లా ఫోన్లు చేస్తుంది. మీరు ముందే అందరికీ ఒక మాట చెప్పించండి. చూస్తాండాం అంటే చాలు. చూడనక్కర్లేదు. చూస్తాండాం అనాల."

"చెప్పిస్తాం!" కరుణాకర్ చెయ్యెత్తాడు. "గంటలో చెప్పిస్తా!"

"చెయ్యి దించు," అంది షాలిని.

ఆయన దించాడు.

"లెంట్‌లో రెండొందల ఇండ్ల చేత అబద్ధం చెప్పించమంటావా అన్నా? చెప్పించను. నువ్వు మార్కెట్ మనిషివి గదా, లెక్క నువ్వే చెయ్యి. మీట అక్కర్లేదు. ఒక్క మాట చెప్తే ఇరవై మూడు దినాలు రెండొందల ఇండ్లు టీవీ ముట్టలేదు. నీ పాణ్యంలో, నీ నంద్యాలలో, నువ్వు ఒక మాట చెప్తే రెండు ఇండ్లు వింటాయా? నీ ఇంట్లో నీ కొడుకు వింటాడా? నీ లీగ్ మొదలయ్యేది ఏప్రిల్ మొదటి ఆదివారం, సాయంత్రం ఏడింటికి. అది ఈస్టరు. ఆ పొద్దే గుడ్డలు తీసేది. రెండొందల ఇండ్లు నలభై దినాల ఆకలితో టీవీ ముందర కూర్చుంటాయి. ఇంకా చర్చి కాని ఇండ్లు నువ్వు అడగనే ల్యా. అవి ఎన్నో నువ్వే కనుక్కో."

సోమశేఖర్ గోడమీది క్యాలెండరు దగ్గరకు లేచిపోయాడు. కాగితం ఎత్తి ఏప్రిల్ చూశాడు. అయిదో తారీఖు మీద వేలు పెట్టి, తీయకుండా నిలబడ్డాడు.

"నాయనా, సున్నా తీసేయమంటావా?" జయంత్ అడిగాడు.

"వుండ్రా." ఆయన తిరగలేదు. "అమ్మా, నీ మాట బాగుంది. ఊరు మాట మీద నిలబడతాదని ఒప్పుకుంటా. గానీ ఒక్కటి. ఆ నాలుగో ఇల్లు. మిగతావాళ్లు టీవీ పెట్టం అన్నారు. ఆమె టీవీ అనల్యా. ఆటలు చూసేవాళ్లు పనికిమాలినోళ్లు అనింది. అది ఉపవాసం కాదు. అట్లాంటోళ్లు ఈస్టరు రోజు గూడా చూడరు. మీ ఊర్లో అట్లాంటోళ్లు ఎందరుండారు? ఆమె ఎవురు?"

తెరమీద ఆ వాక్యం ఇంకా అలాగే వుంది. అందరూ దాన్నే చూస్తున్నారు.

"ఆమె నేనే," అంది షాలిని.

వాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మేడమ్, మీ గొంతు వింటానే అనుకున్నా."

"నాలుగో ఇల్లు మాది. ఫోన్ ఎత్తింది నేను. ఏదో కంపెనీ పిల్ల అనుకున్నా. ఆ మాట..." షాలిని సోమశేఖర్‌తో కాదు, కూతురితో చెబుతోంది. "ఆ మాట మీ నాయన్ను అనుకుని అన్నది. లీగ్ కోసమని తెలీదు. నీ కోసమని తెలీదు."

కరుణాకర్ ఏదో అనబోయాడు. అనుకోదగ్గ మనిషి తనే అని తోచినట్టుంది, మానుకున్నాడు.

ఇక ఆ గదిలో తెలియనివాళ్లెవరూ లేరు. సున్నా ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి బద్ధకంతో మొదలైందో, ఎవరి నాలుకతో ముద్ర పడిందో అందరికీ తెలిసింది.

రమ్య వంగి, పొద్దుటినుంచి వదులుగానే వున్న లేసు పట్టుకుంది. ముడి వేసింది. బిగించింది. తల ఎత్తకుండానే అడిగింది.

"సరే మా. ఈస్టరు సాయంత్రం ఏడింటికి, ఆ నాలుగో ఇంట్లో టీవీ పెడతారా, పెట్టరా?"

ఎంతటివాడినైనా రెండు మాటల్లో పంపించేసే షాలిని, ఈసారి ఎర్ర పెన్ను తీసి లిస్టులో నాలుగో పేరు పక్కన టిక్కు పెట్టింది. సోమశేఖర్ ఏప్రిల్ అయిదు మీదినుంచి వేలు తీయకుండా, ఆ టిక్కు చూడటానికి ఆమె వైపు తిరిగాడు.